ఆ పొద్దున రెండు నాబులూ కట్టేసే ఉన్నాయి

మా వదిన గ్యాస్ కట్టేయడం మర్చిపోయి వంటింట్లో మంటలు తెచ్చుకుందని మా వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు. కూరగాయల బండి తోసుకొచ్చే మనిషికీ ఆ సంగతి తెలుసు. కొత్తగా అద్దెకు దిగేవాళ్ళకి ఇల్లు చూపిస్తూ ఇంటివాళ్ళు మా గేటు వైపు వేలు చూపించి మరీ చెబుతారు. అది నిజం కాదు. ఆ మాట మొదట అన్నది నేను. కాలిన చేతులు రెండూ నీళ్ళ బకెట్లో ముంచి ఆవిడ పెరట్లో కూర్చుని ఉండగా, ఆవిడకు వినపడేటట్టే అన్నాను.

ఇది క్షమాపణ కోసం రాస్తున్నది కాదు. ఆవిడ నన్ను క్షమించదు, క్షమించాల్సిన అవసరమూ లేదు. నోటితో చెబితే ఎవరూ నమ్మలేదు కాబట్టి రాస్తున్నాను.

మాది చిలకలూరిపేట. హైవే దిగి లోపలికి వస్తే పత్తి జిన్నింగు మిల్లుల వెనక వీధి. కింది వాటా అన్నయ్యది, పై వాటా నాది. అన్నయ్యకి విత్తనాలు, పురుగుమందుల కొట్టుంది. నేను ఒక స్పిన్నింగు మిల్లులో స్టోర్సు చూస్తాను. మా వదిన పచ్చళ్ళు పెడుతుంది, కారప్పొడులు కొడుతుంది. పండుమిరపకాయ పచ్చడి కోసం నరసరావుపేట నుంచి కూడా మనుషులు వచ్చేవాళ్ళు. అన్నయ్య కొట్టు మూసుకున్నా ఇల్లు గడుస్తుందని ఆవిడ నవ్వుతూ అనేది. అన్నయ్య నవ్వేవాడు కాదు.

పైపు గ్యాసు మా వీధికి తెచ్చింది నేనే. తెచ్చానని చాలాకాలం గొప్పగా చెప్పుకున్నాను. సిలిండరు కోసం ఎదురుచూపులు ఉండవని, మోతలు ఉండవని ఇంటింటికీ తిరిగి ఒప్పించాను. వీధి చివర షామియానా వేసి మీటింగు పెట్టించాను. కంపెనీ తరఫున వచ్చిన కుర్రాడు తెర మీద బొమ్మలు వేశాడు. నీలం మంట, పచ్చని ఆకు, తెల్లని మబ్బు. "ఇది స్వచ్ఛమైన ఇంధనం అండి, ఆకాశానికి కూడా మేలు చేస్తుంది" అన్నాడు. జాగ్రత్తలు చెబుతూ, సిలిండరు గ్యాసు బరువు కాబట్టి లీకైతే నేల మీదికి దిగుతుందని, పైపు గ్యాసు తేలిక కాబట్టి పైకి పోతుందని, అందుకని వంటింట్లో పైనున్న వెంటిలేటరు ఎప్పుడూ మూయకూడదని అన్నాడు.

వెనకవాళ్ళకు వినపడలేదన్నారు. మైకు నేను తీసుకున్నాను. అదే మాట నేను మళ్ళీ చెప్పి, ఊరుకోకుండా, "మా వదిన మిరపకాయలు వేయిస్తే ఆ ఘాటూ పైకే పోద్ది, ఈ గ్యాసూ పైకే పోద్ది, రెంటికీ ఒకటే దారి" అన్నాను. జనం గొల్లుమన్నారు.

"ఏమయ్యా, ఊరందరి ముందు నా మిరపకాయల గోలెందుకు?" అని మా వదిన కుర్చీలోంచే అరిచింది. "బాబూ, ఆ గొట్టంతో పాటు మా మరిది నోటికి కూడా ఒక వాల్వు బిగించి పో."

అప్పుడు ఇంకా పెద్దగా నవ్వారు. ఈ నవ్వుల సంగతి ఎందుకు రాస్తున్నానంటే, వెంటిలేటరు మూయకూడదన్న సంగతి నాకు తెలియదని తర్వాత నేను అనడానికి లేకుండా ఉండాలి. ఆ మాట వీధికంతా చెప్పింది నా గొంతే.

వదినకి మొదటినుంచీ ఆ పైపు ఇష్టం లేదు. "సిలిండరయితే కళ్ళెదురుగా ఉంటది. తేడా వస్తే పెరట్లోకి ఈడ్చి పడేస్తా. గోడలో పోయే గొట్టాన్ని ఎక్కడికి ఈడ్చను?" అంది. నీకు చదువు లేదు వదినా, ఊరుకో అన్నాను. అన్నయ్య నా వైపే మాట్లాడాడు. ఆవిడ వంటింటి బయటి గోడ మీదుగా పైపు మా వాటాకి ఎక్కింది. ఆవిడ వెంటిలేటరు పక్కన గోడకి చిల్లు పెట్టి ఒక పాయ లోపలికి తిప్పారు.

ఆ వెంటిలేటరుకి సరిగ్గా పైన మా పడకగది కిటికీ. అసలు గొడవంతా అక్కడే. మాఘం వెళ్ళే సమయానికి కొత్త కాయ దిగుతుంది. ఇక ఉగాది దాకా ఆవిడ రోజూ మిరపకాయలు వేయించేది. వేయించేటప్పుడు ఎదురింటివాళ్ళు పొలమారి చస్తారని కిటికీ రెక్కలు మూసి, తలుపు దగ్గరకి వేసి, ముక్కుకి కొంగు చుట్టుకుని వేయించేది. కారం కొట్టే ఇళ్ళల్లో మా వైపు అందరూ అంతే. అలా మూసిన గదిలోంచి ఘాటు పోవడానికి మిగిలింది ఆ వెంటిలేటరు ఒక్కటే. అది నేరుగా మా గదిలోకి వచ్చేది. మా అమ్మాయికి అసలే ఆయాసం. నా భార్య దగ్గుతూ పిట్టగోడ మీంచి వంగి అరిచేది, వదిన కిందనుంచి అరిచేది.

"ఏవండీ, మీ వదినగారికి మీరు చెబుతారా, నన్ను దిగమంటారా?" అంది నా భార్య ఒకరోజు.

నేనే దిగాను. నా మాట పూర్తి కాకముందే, "నా వంటింట్లో నేను కాయలు వేయించుకోటానికి నీ పెళ్ళాం పర్మిషన్ తీసుకోవాలా?" అంది వదిన. "ఇంతకాలం తిన్న కారం ఎక్కడ వేగిందనుకుంటన్నారు, ఆకాశంలోనా? ఘాటు పడకపోతే రేపటినుంచి చప్పిడి తినండి."

తిరిగి పైకి వస్తుంటే కోపంతో నా చెవులు వేడెక్కాయి. ఆ వారం ఆవిడ కాయ ఏరుకోవడానికి మార్టూరు పక్కన వాళ్ళ పుట్టింటికి వెళ్ళింది. అన్నయ్య కొట్టు దగ్గరున్నాడు. మిల్లులో యంత్రాలు తుడవడానికి వాడే వేస్టు దూది ఒక సంచి తెచ్చాను. మెట్ల మలుపులో నిలబడితే ఆ వెంటిలేటరు చేతికి అందుతుంది. బయటినుంచి దూది కూరాను. దాని మీద ప్లైవుడ్ ముక్క పెట్టాను. మేకు దిగితే గోడ పెచ్చు ఊడుతుందని, పక్కనే ఉన్న గ్యాసు పైపుకి బైండింగు వైరు చుట్టి, ప్లయరుతో మెలితిప్పి బిగించాను. ముక్క కదలకుండా ఉండాలని బలంగా లాగాను. లాగినప్పుడు పైపు కొంచెం నా వైపుకి వచ్చింది. చూశాను. మళ్ళీ మెలిపెట్టాను.

లోపలినుంచి చూస్తే వెంటిలేటరు జాలీ ఎప్పటిలాగే కనిపిస్తుంది. ఎవరికీ చెప్పలేదు. ఆవిడ వచ్చాక కూడా ఇక మా గదిలోకి ఘాటు రాదనుకుని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

వదిన పుట్టింటినుంచి దిగులుగా వచ్చింది. కోత మీద వాన పడి కల్లంలో కాయ చాలా భాగం తెల్లబారి తాలుకి పోయిందట. ఆ నెలలో వానేమిటని వాళ్ళ అన్నదమ్ములు ఆకాశాన్ని తిట్టుకుంటున్నారట. ఏరుకోగా మిగిలిన మంచి కాయ తెచ్చుకుంది. రెండో రోజే, "వంటింట్లో ఘాటు బయటికి పోవటంలేదేందో, కళ్ళు మండిపోతన్నయ్యి" అంది. నేను మెట్లమీద చెప్పులు వేసుకుంటూ విన్నాను. ఆ తర్వాత కొన్నాళ్ళకి ఇంకో మాట అంది.

"గ్యాసు వాసన వస్తంది. ఒకసారి చూడయ్యా."

వెళ్ళాను. సిలిండరు రోజుల్లో ఏం చేసేవాళ్ళమో అదే చేశాను. నేలమీద చేతులు ఆనించి, పొయ్యి గట్టు కింద తల పెట్టి, కుక్కలాగా వాసన చూశాను. పైకి పోయే గ్యాసు కోసం కింద వెతికాను. కింద ఏమీ లేదు. లేచి చేతులు దులుపుకుని, "ఏమీ లేదు వదినా. కారానికి నీ ముక్కు పాడైంది" అన్నాను.

"నా ముక్కా? పచ్చట్లో ఇంగువ ఎంత పడిందో వాసన చూసి చెప్పే ముక్కు ఇది. పాడైంది నీ బుర్ర. ఆ కంపెనీ వాళ్ళకి ఫోన్ చెయ్."

చేస్తానన్నాను. చెయ్యలేదు. వాళ్ళు వస్తే మెట్ల మలుపులో ప్లైవుడ్ చూస్తారు. పైపుకి వైరు కట్టిందెవరని అడుగుతారు. వీధిలో మైకు పట్టుకుని జాగ్రత్తలు చెప్పిన పెద్దమనిషిని నేను. ఆవిడ మళ్ళీ అడిగితే, చేశాను, వస్తామన్నారు అని చెప్పాను. అన్నయ్య కూడా, "వాడు చేశానంటన్నాడుగా, ఊరికే వాణ్ణి పీక్కు తినకు" అని ఆవిడనే కసిరాడు.

ఆ రోజు పొద్దున నేను డ్యూటీకి బయల్దేరి మెట్లు దిగుతున్నాను. వదిన వంటింట్లోకి వెళ్ళడం కనిపించింది. చేతిలో మిరపకాయల చాట ఉంది. చాట కింద పెట్టి, మిక్సీ ప్లగ్గు పెట్టి, తల ఎత్తున ఉన్న బోర్డు మీద స్విచ్ వేసింది. భప్పుమని ఒక చప్పుడు. పేలుడులా లేదు, పెద్ద దుప్పటి ఒక్కసారి విదిలించినట్టుంది. కిటికీ అద్దాలు పెరట్లో పడ్డాయి. సీలింగు మొత్తం ఒక క్షణం నీలంగా కనపడి నల్లబడింది.

లోపలికి పరిగెత్తాను. వదిన చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. కనుబొమలు లేవు. ముందు జుట్టు కమిలి వాసన వేస్తోంది. ఆవిడని పెరట్లోకి నెట్టి, పొయ్యి కట్టేద్దామని నాబుల మీద చేయి వేశాను. మొదటిది తిప్పాను, తిరగలేదు. రెండోది తిప్పాను, అదీ తిరగలేదు. రెండూ కట్టేసే ఉన్నాయి. ఈ ఒక్క వాక్యం కోసమే నేను ఈ కాగితాలన్నీ నింపుతున్నాను. రెండూ కట్టేసే ఉన్నాయి.

నేలమీద చాటలో మిరపకాయలకి సెగ కూడా తగల్లేదు. మంటంతా పైనే పుట్టి పైనే పోయింది. తల ఎత్తి చూస్తే జాలీ వెనక దూది ఎర్రగా రాజుకుంటోంది. అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. అంటే, అన్నయ్య వచ్చేసరికే నాకు అర్థమైంది. అన్నయ్య తువ్వాలుతో పరిగెత్తుకొచ్చి, "ఏందిరా? ఏమైందిరా?" అన్నాడు.

"వదిన గ్యాసు కట్టలేదు. నాబు తెరిచే ఉంది. నేనే కట్టేశా" అన్నాను.

ఎవరూ నన్ను బెదిరించలేదు, ఆలోచించుకునే వ్యవధి కూడా లేదు. అయినా అబద్ధం నోట్లో తయారుగా ఉన్నట్టు వచ్చింది. పెరట్లో నీళ్ళ బకెట్లో చేతులు ముంచి కూర్చున్న వదిన తల ఎత్తి నన్ను చూసింది. "కట్టానే" అంది. గట్టిగా అనలేదు. అన్నయ్య వినిపించుకోలేదు.

పక్కింటివాళ్ళ కారులో ఆవిడని గుంటూరు తీసుకుపోయారు. ఇంటి దగ్గర ఎవరో ఒకరు ఉండాలని నేను ఆగిపోయాను. కారు సందు తిరగగానే బకెట్టుతో నీళ్ళు, ప్లయరు పట్టుకుని మెట్ల మలుపులోకి వెళ్ళాను. వైరు తెంపాను. ప్లైవుడ్ పీకాను. నల్లబడిన దూది చేత్తో గోకి సంచిలో కుక్కి, మిల్లుకి తీసుకెళ్ళి వేస్టు గుట్టలో కలిపేశాను. కంపెనీ మనుషులు వచ్చేసరికి వెంటిలేటరు శుభ్రంగా, తెరిచి ఉంది. లోపల పైపు మలుపు దగ్గర, నేను వైరు లాగిన చోటికి సరిగ్గా అవతల, జాయింటు కొంచెం కదులుతోందని ఒకతను అన్నాడు. మంట వేడికి అయి ఉంటుందని ఇంకొకతను అన్నాడు. నాబు తెరిచి ఉందా సార్ అని నన్ను అడిగారు. ఉందన్నాను. వాళ్ళ మొహాలు తేటపడ్డాయి. తప్పు పైపుది కాదు, ఆడమనిషిది. వాళ్ళకీ అదే కావాలి, నాకూ అదే కావాలి.

వదిన కొత్త చర్మంతో, చేతులకి గుడ్డ తొడుగులతో ఇంటికొచ్చింది. ఆ రోజే అన్నయ్య, "ఇక నువ్వు పొయ్యి జోలికి పోవద్దు" అన్నాడు. రెండు వాటాలకీ వంట పైన, నా భార్య చేతి మీద జరిగేది. వేళకి కంచం కిందికి వెళ్ళేది. ఊరందరికీ పచ్చళ్ళు పెట్టిన మనిషి పెట్టింది తిని కంచం కడిగి మెట్ల మీద పెట్టేది. పచ్చడికి వచ్చేవాళ్ళు తగ్గి, మానేశారు. ఎదురింటావిడ గేటు దగ్గర, "మతి నిలకడ లేని మనిషి అంట, ఉప్పుకి బదులు ఏం కలుపుద్దో" అనడం నేను విన్నాను. అది విని డ్యూటీకి వెళ్ళిపోయాను.

వీటన్నిటికంటే నన్ను తిన్నది వేరే ఉంది. మొదట్లో వదిన పోట్లాడేది. "నేను కట్టాను, నాకు తెలుసు, దేవుడి మీద ఒట్టు" అనేది. అన్నయ్య, "వాడు కళ్ళతో చూశాడు" అనేవాడు. కొన్నాళ్ళకి, "కట్టాననే అనుకుంటన్నా" అనడం మొదలుపెట్టింది. ఆ తర్వాత పోట్లాట కూడా మానేసింది. పంపు కట్టేసి నాలుగడుగులు వేసి వెనక్కి వెళ్ళి మళ్ళీ కట్టేది. తలుపు గొళ్ళెం వేసి, లాగి చూసి, మళ్ళీ లాగి చూసేది. ఒక మధ్యాహ్నం మా అమ్మాయిని పిలిచి, "ఫ్యాను ఆపానా అమ్మా? చూసి చెప్పు, నా మీద నాకే నమ్మకం పోయింది" అంది. ఫ్యాను ఆవిడ కళ్ళ ముందే ఆగి ఉంది. మా అమ్మాయి పైకి వచ్చి అది చెప్పి ఏడ్చింది. నేను పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను.

అమ్మాయి ఆయాసం ఈలోపు ఎక్కువైంది. కారం వేయించడం ఆగిపోయింది కదా, తగ్గాలి కదా అని డాక్టరు గారిని అడిగాను. పొయ్యి ఎంతసేపు వెలుగుతుంది, కిటికీలు తీస్తారా అని ఆయన అడిగారు. రెండు వాటాల వంట, మిల్లుల దూది దుమ్ము పడుతుందని కిటికీలు మూసే ఉంటాయన్నాను. "పొగ కనపడకపోతే గాలి మంచిదని ఎవరు చెప్పారండీ? నీలం మంట నుంచి కూడా ఊపిరితిత్తులకి పడని వాయువులు వస్తాయి. వంటింట్లో గాలి బయటికి పోనివ్వండి" అన్నారు. నేను వీధికంతా పంచిన స్వచ్ఛత నా ఇంట్లోనే పిల్ల గుండెల్లో పిల్లికూతలు పెడుతోంది. ఇంటికొచ్చి నా భార్యకి చెబితే, "అయితే ఇన్నాళ్ళూ మీ వదిన కారాన్ని ఊరికే ఆడిపోసుకున్నామా?" అంది. నేను లేచి వంటింటి కిటికీ తీశాను.

పక్కవీధివాళ్ళు పైపు గ్యాసు వేయించుకోవాలనుకున్నారు. మీటింగుకి నన్ను పిలిచారు. నాలుగు మాటలు చెప్పమన్నారు. మా ఎదురింటావిడ వదినని కూడా వెంటబెట్టుకుని తీసుకొచ్చింది. ఎందుకు తెచ్చిందో అప్పుడే నాకు తెలిసి ఉండాల్సింది. తెర మీద మళ్ళీ ఆ పచ్చని ఆకు, ఆ మబ్బు. కంపెనీ తరఫున ఈసారి వచ్చింది వేరే మనిషి. ఎవరో లేచి, ఆ వీధిలో మంటలొచ్చాయటగా అని అడిగారు. అతను నవ్వి, "గ్యాసు తప్పు కాదండి, మనిషి మతిమరుపు. ఆ మేడంగారు ఇక్కడే ఉన్నారట" అన్నాడు.

అందరూ వెనక్కి తిరిగారు. వదిన లేచి నిలబడింది. మచ్చలు పడ్డ చేతులు కొంగు కింద పెట్టుకుని, "అవునండి. నేనే కట్టటం మర్చిపోయా. మీరు జాగ్రత్తగా ఉండండి" అంది.

ఆవిడ అది నమ్మి చెప్పింది. నేను లేచాను. మైకు అందుకోలేదు. "మా వదిన మర్చిపోలేదు. నాబులు కట్టేసే ఉన్నాయి. నేను అబద్ధం చెప్పాను. వెంటిలేటరు మూసింది నేను" అన్నాను.

ముందు వరసలో పెద్దాయన నా చేయి పట్టుకుని కూర్చోబెట్టాడు. "ఊరుకోండి. వదిన్ని నలుగురిలో అనేసరికి మనసు ఆగలేదు మీకు. మాకు తెలీదా మీ సంగతి?" అన్నాడు. "ఇలాంటి మరిది ఎవరికి దొరుకుతాడు!" అని ఆడవాళ్ళలో ఎవరో అన్నారు. నేను కాదు కాదంటున్నకొద్దీ వాళ్ళ కళ్ళలో నామీద గౌరవం పెరిగింది. కంపెనీ మనిషి తెర మీద తర్వాతి బొమ్మ వేశాడు.

ఇంటికి వచ్చాక వదిన వరండాలో ఆగింది. అన్నయ్య కుర్చీలో ఉన్నాడు.

"ఏందయ్యా అక్కడ నువ్వన్నది? జాలి పడ్డావా నా మీద?"

జాలి కాదన్నాను. చెప్పాను. దూది, ప్లైవుడ్, వైరు, చెయ్యని ఫోను, కట్టేసి ఉన్న నాబులు, మిల్లు వేస్టు గుట్ట. ఏదీ దాచలేదు. ఆవిడ మధ్యలో ఒక్కసారే ఆపింది.

"రెండూనా?"

"రెండూ వదినా."

"చూశావా, చేత్తో తిప్పావా?"

"తిప్పాను. తిరగలేదు."

ఆవిడ గోడకి చేరగిలబడింది. తర్వాత పక్కనున్న ఇత్తడి చెంబు తీసి నా మొహాన విసిరింది. కణత పగిలింది. అన్నయ్య లేచాడు, నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. "ఒరేయ్, దాన్ని పొయ్యి దగ్గరికి రావద్దంది నేను రా. మతి లేనిదాన్ని చూసినట్టు చూసింది నేను. నా చేత చేయించావు గదరా" అన్నాడు. ఆ తర్వాత ఇప్పటిదాకా నన్ను ఒరేయ్ అనలేదు. ఏమీ అనలేదు.

మర్నాడు వదిన మెట్ల కింద నిలబడి, నా భార్య, అమ్మాయి వింటుండగా, "ఇంటింటికీ పో. గ్యాసు తెచ్చేటప్పుడు ఎట్టా తిరిగావో అట్టా తిరుగు" అంది.

తిరిగాను. ఎవరూ నమ్మలేదు. కాఫీ ఇచ్చి, కణత మీద కట్టు చూసి జాలిపడ్డారు. ఎదురింటావిడ, "ఆమెకి భయపడి చెబుతున్నారు కదన్నయ్యా? అన్నదమ్ముల మధ్య గొడవ లేకుండా తప్పు నెత్తిన వేసుకుంటున్నారు. మీది పెద్ద మనసు" అంది. ఇంతకాలం మంచివాడిగా బతికినందుకు నాకు దక్కింది ఇది. నేను నిజం చెప్పినా అబద్ధం ఆవిడ మీదే ఉండిపోయింది. వచ్చి వదినతో అదే చెప్పాను.

"వాళ్ళు నమ్మనిది నా మంచితనం వల్లనా, నీ మంచితనం వల్లనా?" అంది.

"నాదే."

"అయితే ముందు ఆ మంచోణ్ణి చంపు. ఎట్టా చంపుతావో నీ ఇష్టం."

అందుకే ఇదంతా. నన్ను మంచివాడని ఎవరైనా ఇంకా అంటే, మెట్ల మలుపులో పైపు మీద చూడండి. వైరు ఒరుసుకుని రంగు పోయిన చోటు రింగులా ఇంకా ఉంది. ప్లయరు పళ్ళ గాట్లూ ఉన్నాయి. జాలితో వదిన తప్పు మోసేవాడికి ఆ గాట్లు ఎక్కడినుంచి వస్తాయి?

ఇంకో మాట కూడా సరిచేయాలి. ఆకాశానికి మేలని చెప్పిన వాళ్ళ వెనక నేను నిలబడ్డాను. ఆ పైపులో వచ్చేది చాలామటుకు మీథేన్. మండకుండా గాలిలో కలిస్తే అది ఆకాశాన్ని కార్బన్ డయాక్సైడ్ కంటే బాగా వేడెక్కిస్తుందని తర్వాత చదివి తెలుసుకున్నాను. వదిన వంటింట్లో చేరిన గ్యాసు ఆవిడని కాల్చింది. బయట చేరింది ఎవరి కల్లం మీద ఎప్పుడు వానగా పడుతుందో నాకు తెలియదు. తేలిక గ్యాసు, పైకి పోతుంది, ఇక గొడవ లేదు అనుకున్నాం. పైకి పోయినదంతా పోయినట్టు కాదు.

వదిన తన వాటాకి గ్యాసు కనెక్షను తీయించేసింది. సీలింగుకి సున్నం వేయించింది. వంటింటి గోడలో పెద్ద కిటికీ పెట్టించి, కరెంటు పొయ్యి తెచ్చుకుంది. అన్నయ్య బిల్లు సంగతి ఎత్తబోతే, "ఇన్నాళ్ళూ నన్ను కూర్చోబెట్టి తినిపించినందుకు ఖర్చు కాలేదా?" అంది. మా వాటాలో గ్యాసు ఇంకా ఉంది. నా భార్య కిటికీలు తీసి వండుతోంది. తీసేద్దామా అంటే, "మీరు చెప్పినప్పుడు తెచ్చుకోవాలి, మీరు చెప్పినప్పుడు తీసెయ్యాలి, అంతేగా?" అంది. మా ఇంట్లో కూడా నా మాట విలువ ఇప్పుడు అంతే.

మొన్న పొద్దున వదిన మొదటిసారి కాయలు వేయించింది. పచ్చడి కోసం నరసరావుపేట మనిషి ఒకరు గేటు దగ్గరికి వచ్చి పిలిచారు. నేను డ్యూటీకని మెట్లు దిగుతూ ఆగాను. ఆవిడ పొయ్యి స్విచ్ ఆపి, గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంటూ గేటు వైపు నడిచింది. సగం దూరంలో కాలు ఆగింది. వంటింటి వైపు తల తిప్పబోయి, మెట్ల మీద నన్ను చూసింది.

"ఏం చూస్తన్నావ్?" అంది. "పో పైకి."

డ్యూటీకి టైమవుతోంది. అయినా, పొయ్యి ఆపానో లేదో అని ఆవిడ మళ్ళీ చూసుకుంటుందేమో నేను చూడకుండా, వెనక్కి తిరిగి పైకి ఎక్కేశాను.